లాగిన్ నియమాలు: ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి?

కొన్నేళ్ల కిందట ఒక ఆఫీసులో అకౌంట్స్ చూసే ఒకావిడ, సాఫ్ట్‌వేర్ సరిగ్గా పనిచేయడం లేదని పిలిస్తే వెళ్లాను. లాగిన్ అవ్వడానికి ఆవిడ డ్రాయర్ లాగి, పాత డైరీ తీసి చివరి పేజీ తిప్పారు. అక్కడ ఒకే మాట 14 సార్లు రాసి ఉంది. కొడుకు పేరు, పక్కన ఒక అంకె. పేరు మారలేదు, అంకె మాత్రం ఒక్కొక్కటే పెరుగుతూ వచ్చింది. 13 మాటలు కొట్టేసి ఉన్నాయి, చివరిది మాత్రం అలాగే ఉంది. 45 రోజులకోసారి పాస్‌వర్డ్ మార్చి తీరాలన్న నియమం ఆ సాఫ్ట్‌వేర్‌లో పెట్టింది నేనే.

ఆవిడ తప్పేమీ చేయలేదు. అడిగింది అడిగినట్టు పాటించారు. ఆ పేజీ చూశాకే నాకు ఒక సంగతి తెలిసివచ్చింది. ఒక నియమం మంచిదా కాదా అన్నది, అది చేతికొచ్చాక మనుషులు ఏం చేస్తారో చూసి తేల్చుకోవాలి. కంప్యూటర్ భద్రత మీద పరిశోధన చేసేవాళ్లు చాలా ఏళ్లుగా చేస్తున్న పని అదే. మనం అలవాటుగా పెట్టే నియమాల్లో కొన్ని మేలు కన్నా చెరుపే ఎక్కువ చేస్తున్నాయని వాళ్లు లెక్కలతో చూపించారు.

కాలేజీకో, సహకార సంఘానికో, ఆసుపత్రికో, చిన్న కంపెనీకో లాగిన్ పేజీ తయారుచేసేవాళ్ల కోసం, దాని నియమాలు నిర్ణయించేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ప్రతి చోటా రెండు మూడు దారులుంటాయి. వాటిలో నేను దేన్ని ఎంచుకుంటానో, ఎందుకో చెబుతాను.

గడువు పెట్టి మార్పించడమా, లీకైనప్పుడు మార్పించడమా

గడువు వెనక ఉన్న ఆలోచన అందరికీ తెలిసిందే. పాస్‌వర్డ్ దొంగ చేతిలో పడినా మూడు నెలల్లో చెల్లకుండా పోతుంది కదా అని. వినడానికి బాగానే ఉంటుంది. దీన్ని నిజంగా కొలిచి చూసింది అమెరికాలోని చాపెల్ హిల్‌లో ఉన్న నార్త్ కరోలినా యూనివర్సిటీ పరిశోధకులు. ఆ యూనివర్సిటీలో అప్పట్లో మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చాలి. వాడుకలో లేని పాత అకౌంట్లు 7,700కు పైగా తీసుకుని, ఒక్కో అకౌంటుకు వరసగా పెట్టుకుంటూ వచ్చిన పాస్‌వర్డ్‌లను పరిశీలించి 2010లో ఫలితాలు ప్రకటించారు. పాతది తెలిసినవాడికి కొత్తది ఎంత తేలిగ్గా దొరుకుతుందన్నదే ప్రశ్న. సర్వర్ నుంచి ఎత్తుకుపోయిన హ్యాష్‌ల (పాస్‌వర్డ్‌లను నేరుగా చదవలేని రూపంలోకి మార్చి దాచినవి) ఫైలు చేతిలో ఉంటే 41 శాతం కొత్త పాస్‌వర్డ్‌లు సగటున 3 సెకన్లలోపే దొరికిపోయాయి. ఫైలేదీ లేకుండా లాగిన్ పేజీలోనే ఊహించి కొట్టేవాడికి కూడా 17 శాతం అకౌంట్లు ఐదు ప్రయత్నాల్లోపు తెరుచుకుంటాయని తేలింది.

పాత పాస్‌వర్డ్ దొంగకు తెలిసిపోతే ఆదుకోవాలనే కదా గడువు పెట్టేది. సరిగ్గా ఆ పరిస్థితిలోనే అది చేతులెత్తేసింది. డైరీ చివరి పేజీ చూసిన నాకు ఆ లెక్క కొత్తగా అనిపించలేదు. 1 కొట్టేసి 2 పెట్టేవాళ్లే ఎక్కువ.

కెనడాలోని కార్ల్‌టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2015లో ఇదే ప్రశ్నను గణితంతో తేల్చారు. గడువు వల్ల లాభం ఉన్నా అది చాలా స్వల్పమేనని, దానికోసం వాడేవాళ్లను ఇంత కష్టపెట్టడం తగదని వాళ్ల మాట. దీనికి నా అనుభవం ఒకటి కలుపుతాను. పాస్‌వర్డ్ దొరికిన దొంగ 89వ రోజు దాకా ఆగడు. ఆ రోజే లోపలికి వచ్చి, మెయిల్స్ తనకూ వచ్చేలా సెట్టింగ్ మార్చి, కావలసింది తీసుకుపోతాడు.

ఈ విషయంలో లోరీ క్రేనర్ కథ తెలుసుకోవాలి. ఆమె కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో పాస్‌వర్డ్‌ల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన ప్రొఫెసర్. 2016లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు ముఖ్య సాంకేతిక నిపుణురాలిగా చేరారు. పాస్‌వర్డ్‌లను తరచూ మార్చమని మీవాళ్లకు చెప్పండంటూ అదే సంస్థ ప్రజలకు సలహా ఇవ్వడం చూసి, ఎందుకలా చెబుతున్నారని లోపల అడిగారు. మన దగ్గర 60 రోజులకోసారి మారుస్తాం, కాబట్టి అది మంచి పద్ధతే అయ్యుంటుందన్నది వచ్చిన జవాబు. ఆమె పరిశోధనలు చూపించి, తన ఆరు పాస్‌వర్డ్‌లలో ముందుగా రెండింటికి గడువు తీయించగలిగారు. అలవాటు ఎక్కడైనా ఇలాగే నడుస్తుంది. వాళ్లు చేస్తున్నారని మనం, మనం చేస్తున్నామని ఇంకొకరు.

అసలు ఈ నియమాలు ఇంతగా పాకడానికి పెద్ద కారణం అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2004లో ఇచ్చిన మార్గదర్శకాలు. వాటిలో పాస్‌వర్డ్‌ల భాగం రాసిన బిల్ బర్, తాను అప్పట్లో చెప్పినవాటిలో చాలావాటికి ఇప్పుడు బాధపడుతున్నానని 2017లో ఒక పత్రికకు చెప్పారు. ఇంత పెద్ద మాట అంత సూటిగా ఒప్పుకున్నందుకు ఆయనంటే నాకు గౌరవం. అదే ఏడాది నిస్ట్ కొత్త మార్గదర్శకాల్లో, ఊరికే గడువు పెట్టి మార్పించవద్దని సలహా ఇచ్చింది. 2025లో వచ్చిన నాలుగో సవరణలో అది సలహాగా మిగల్లేదు, మార్పించకూడదని ఖచ్చితంగా రాశారు. విండోస్ కోసం తాము సిఫారసు చేసే భద్రతా సెట్టింగుల్లోంచి మైక్రోసాఫ్ట్ 2019లోనే గడువును తొలగించింది.

నా ఎంపిక: గడువు తీసేయండి. అయితే ఒక్క తీసేయడంతో పని పూర్తికాదు. దాని స్థానంలో రెండు పనులు జరగాలి. ఎవరైనా పాస్‌వర్డ్ పెట్టుకునేటప్పుడే అది ఇప్పటికే లీకైన జాబితాల్లో ఉందేమో సర్వర్ చూడాలి. అకౌంటులో తేడా కనిపించినా, లీక్ జరిగిందని తెలిసినా వెంటనే మార్పించాలి. ఈ రెండూ లేకుండా గడువు మాత్రం ఎత్తేస్తే, ఉన్న కాస్త రక్షణా పోతుంది. ఇంకో మినహాయింపు కూడా ఉంది. ఒకే పాస్‌వర్డ్ నలుగురూ వాడే కౌంటర్ల దగ్గర, ఆ నలుగురిలో ఒకరు ఉద్యోగం మానేసిన రోజే మార్చాలి. వీలైతే అలాంటి ఉమ్మడి అకౌంట్లే లేకుండా చూసుకోండి.

మరి ఆడిటర్ వచ్చి 90 రోజుల నియమం ఏదంటే? కార్డు చెల్లింపులు తీసుకునే సంస్థలకు వర్తించే పీసీఐ డీఎస్ఎస్ ప్రమాణం 2022లో వచ్చిన 4.0 రూపంలోనూ, పాస్‌వర్డ్ ఒక్కదానితోనే లాగిన్ అయ్యే చోట 90 రోజులు అడుగుతుంది. లేదంటే అకౌంట్ల భద్రతా స్థితిని ఎప్పటికప్పుడు గమనించి, దాన్నిబట్టి లోపలికి రానివ్వమంటుంది. పాస్‌వర్డ్‌కు తోడు ఓటీపీ లాంటి ఇంకో తనిఖీ, అంటే రెండో అంచె రక్షణ, పెడితే ఆ 90 రోజుల షరతు మీకు తగలదు. కాబట్టి ఆడిటర్‌తో వాదించే కన్నా ఆ రెండో అంచె పెట్టడం మేలు. దాని గురించి కింద చెబుతాను.

గుర్తులు, అంకెలు కలపమనడమా, పొడవు పెంచమనడమా

ఒక పెద్ద అక్షరం, ఒక అంకె, ఒక గుర్తు ఉండాలంటే మనవాళ్లు ఏం చేస్తారో మీకూ తెలుసు. పేరులో మొదటి అక్షరం పెద్దది చేసి, చివర ఎట్ గుర్తు పెట్టి, 123 తగిలిస్తారు. పాస్‌వర్డ్‌లు ఛేదించే సాఫ్ట్‌వేర్లకు ఈ వరస కంఠతా వచ్చు. ఊహించడానికి కష్టంగా ఉండాలని పెట్టిన నియమం అందరినీ ఒకే అచ్చులో పోసి, ఊహించేవాడి పని తేలిక చేసింది.

కార్నెగీ మెలన్ పరిశోధకులు 2011లో 5,000 మందితో వేర్వేరు నియమాల కింద పాస్‌వర్డ్‌లు పెట్టించి పోల్చారు. 8 అక్షరాల్లో అన్ని రకాలూ ఉండాలన్న నియమం కన్నా, కనీసం 16 అక్షరాలుంటే చాలు, ఇంకే షరతూ లేదన్న నియమం కింద వచ్చినవే ఊహించడానికి కష్టంగా ఉన్నాయి. వాడేవాళ్లకు ఇబ్బంది కూడా తక్కువ. నిస్ట్ ఇప్పుడు చెప్పేదీ ఈ దారే. పాస్‌వర్డ్ ఒక్కటే ఉంటే కనీసం 15 అక్షరాలు, రెండో అంచె ఉంటే 8. గుర్తులు, అంకెల షరతులు పెట్టకూడదు.

దీనికి తోడు నిషేధ జాబితా కావాలి. 2009లో రాక్‌యూ అనే సంస్థ నుంచి 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డ్‌లు బయటపడినప్పుడు అన్నిటికన్నా ఎక్కువమంది పెట్టుకున్నది 123456. ఇలా లీకైన పాస్‌వర్డ్‌లను భద్రతా నిపుణుడు ట్రాయ్ హంట్ నడిపే ‘హ్యావ్ ఐ బీన్ పౌన్డ్’ సర్వీసులో ఉచితంగా సరిచూసుకోవచ్చు. పాస్‌వర్డ్ మొత్తం పంపనక్కర్లేదు. దాని హ్యాష్‌లో మొదటి ఐదు అక్షరాలు పంపితే సరిపోతుంది, మిగతా పోలిక మీ సర్వర్‌లోనే జరుగుతుంది. ఆ జాబితాకు మీ సంస్థ పేరు, ఊరి పేరు, దేవుళ్ల పేర్లు, సినిమా హీరోల పేర్లు మీరే కలుపుకోండి. మన దగ్గర ఎక్కువమంది మొదట తట్టేవి అవే.

జనానికి చెప్పేటప్పుడు ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోమని చెప్పండి. గోంగూర, నిచ్చెన, మంగళవారం, తాబేలు, ఇలాంటివి. సామెతలు, పాటల పల్లవులు వద్దు, అవి అందరికీ తెలిసినవే.

తెలుగు లిపిలోనే పెట్టుకుంటామంటే? పెట్టుకోనివ్వండి. కాకపోతే ప్రోగ్రామర్లు ఒక సంగతి గమనించాలి, ఇది మన భాషవాళ్లకే ఎక్కువగా తగిలే చిక్కు. చాలాచోట్ల వాడే బీక్రిప్ట్ హ్యాషింగ్ పద్ధతి 72 బైట్ల దాకానే చూస్తుంది. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు కాబట్టి వాళ్లకు 72 అక్షరాలు. తెలుగులో అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు, దేనికైనా విడివిడిగా మూడేసి బైట్లు. అంటే 24 గుర్తులతోనే హద్దు నిండిపోతుంది. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికే ఆరు గుర్తులు పడతాయి. చాలా లైబ్రరీలు హద్దు దాటిన భాగాన్ని చెప్పకుండా వదిలేస్తాయి. కొత్తగా కట్టేవాళ్లు ఆర్గాన్2 తీసుకోండి. పాస్‌వర్డ్ హ్యాషింగ్ పద్ధతుల పోటీలో 2015లో గెలిచింది అదే. దానికి ఈ 72 బైట్ల గొడవ లేదు.

పాస్‌వర్డ్ గడిలో పేస్ట్ చేయనివ్వకపోవడం కూడా చాలా పేజీల్లో కనిపిస్తుంది. తీసేయండి. పాస్‌వర్డ్‌లను దాచిపెట్టే సాఫ్ట్‌వేర్, అంటే పాస్‌వర్డ్ మేనేజర్, వాడే జాగ్రత్తపరులనే అది శిక్షిస్తుంది. టైపు చేసింది చూసుకునే కంటి గుర్తు పెట్టండి. చిన్న ఫోన్ల మీద పొడవాటి పాస్‌వర్డ్ కొట్టేవాళ్లకు అది లేకపోతే నరకం.

మర్చిపోయినవాళ్లను ఎలా గుర్తుపట్టాలి

‘మీ అమ్మగారి పుట్టింటి ఇంటిపేరు ఏమిటి?’ ఈ ప్రశ్న ఎవరు ఎక్కడ కనిపెట్టారో గానీ, తెలుగువాళ్ల విషయంలో మాత్రం ఇది తాళం వేసి చెవి గుమ్మానికే తగిలించడం. మీ మేనమామ ఇంటిపేరు తెలిసిన ప్రతి ఒక్కరికీ దీని జవాబు తెలుసు. పెళ్లి పత్రికలో తాతల పేర్లు, మేనమామల పేర్లు ఇంటిపేర్లతో సహా అచ్చువేసి ఊరంతా పంచుతాం. ఇప్పుడైతే ఆ పత్రిక ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది.

గూగుల్ పరిశోధకులు తమ దగ్గరున్న కోట్లాది జవాబులను పరిశీలించి 2015లో రాసిన పత్రం చదివితే ఈ పద్ధతి మీద మిగిలిన కాస్త నమ్మకమూ పోతుంది. ఇష్టమైన వంటకం ఏదన్న ప్రశ్నకు, ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లలో 19.7 శాతం మంది జవాబు ఒక్క ఊహతోనే దొరికింది. అది పిజ్జా. కొరియన్ మాట్లాడేవాళ్ల విషయంలో పది ఊహల్లో 43 శాతం దొరికాయి. హైదరాబాద్‌లో ఇదే ప్రశ్న అడిగితే మొదటి ఊహ ఏమిటో చెప్పనక్కర్లేదు. దొంగకు ఇంత తేలికైనది అసలు మనిషికైనా తేలికా అంటే, అదీ లేదు. అమెరికాలో ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లలో 40 శాతం మందికి అవసరం పడినప్పుడు తమ జవాబు తమకే గుర్తు రాలేదు.

కాబట్టి సెక్యూరిటీ ప్రశ్నలు ఎలాంటి మొహమాటం లేకుండా తొలగించండి. వాటి బదులు ముందే సరిచూసిన మెయిల్‌కో ఫోన్‌కో కోడ్ పంపడం, లేదా అకౌంటు తెరిచిన రోజే ఒకసారి వాడే కోడ్‌లు పది ఇచ్చి, కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోమనడం మంచిది. చిన్న సంస్థ అయితే మనిషే నేరుగా వచ్చి అడ్మిన్‌ను కలిసే పద్ధతి అన్నిటికన్నా గట్టిది. ఊళ్లో సహకార సంఘానికి అంతకన్నా ఏం కావాలి?

ఎస్సెమ్మెస్ ఓటీపీ, యాప్ కోడ్, పాస్‌కీ

ఇక్కడ పోలిక అంత సూటిగా తేలదు. ఎవరు వాడతారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

ముందు లెక్కలు. 2019లో గూగుల్ మరో రెండు యూనివర్సిటీల పరిశోధకులతో కలిసి చేసిన పరిశీలనలో, ఎస్సెమ్మెస్ కోడ్ బాట్ల (తమంతట తామే పనిచేసే ప్రోగ్రాముల) దాడులను 100 శాతం, గంపగుత్తగా విసిరే ఫిషింగ్‌లను (నమ్మించి వివరాలు లాగే దొంగ మెయిల్స్‌ను) 96 శాతం ఆపింది. ఒక మనిషినే గురిపెట్టి చేసే దాడుల్లో 76 శాతం ఆపింది. ఫోన్ తెర మీద అవునా కాదా అని అడిగే పద్ధతి ఆ మూడో రకంలో 90 శాతం ఆపింది. సెక్యూరిటీ కీ, అంటే లాగిన్ కోసం విడిగా ఉంచుకునే చిన్న పరికరం, ఏ రకాన్నీ లోపలికి రానివ్వలేదు.

అంటే ఎస్సెమ్మెస్ ఓటీపీని చెత్త అని కొట్టిపారేయడం సరికాదు. అస్సలు లేకపోవడం కన్నా అది ఎంతో మేలు. మన దగ్గర దాని బలహీనత ఎక్కడుందంటే, ఆ ఆరంకెలు నోటితో చెప్పగలగడంలోనే. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని ఫోన్ చేసి, భయపెట్టి, టెన్షన్ పెట్టి, ఆ అంకెలు చెప్పించుకుంటారు. మా ఇంట్లో పెద్దవాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా, అవతలి గొంతు గట్టిగా వినబడగానే తడబడతారు. వాళ్లను తప్పుపట్టడం కన్నా, చెప్పడానికి అంకెలే లేని పద్ధతి ఇవ్వడం మన పని. విదేశాల్లో ఉండే తెలుగువాళ్లకు ఇంకో కష్టం. ఇక్కడి అకౌంటు ఓటీపీ కోసం ఇక్కడి సిమ్‌ను ఏళ్ల తరబడి రీచార్జ్ చేయిస్తూ బతికించుకోవాలి.

యాప్‌లో 30 సెకన్లకోసారి మారే కోడ్‌కు సిగ్నల్ అక్కర్లేదు, సిమ్ అక్కర్లేదు. విదేశాల్లోవాళ్లకు అది పెద్ద ఊరట. కానీ దాన్నీ నోటితో చెప్పవచ్చు, దొంగ పేజీలో టైపు చేయవచ్చు.

పాస్‌కీలో ఆ అవకాశమే ఉండదు. రహస్యపు తాళం ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఉంటుంది, వేలిముద్రతోనో పిన్‌తోనో తెరుచుకుంటుంది, అసలు వెబ్‌సైట్ చిరునామాకే స్పందిస్తుంది. అచ్చం అలాగే కనిపించే దొంగ సైటు అడిగితే అది పలకదు. ఎవరికైనా చదివి చెప్పడానికి అందులో ఏమీ ఉండదు. 2022 నుంచి ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ మూడూ దీనికి మద్దతిస్తున్నాయి.

అలాగని అందరికీ పాస్‌కీ తప్పనిసరి చేసేయకండి. మీటల ఫోన్ వాడేవాళ్లున్నారు. ఇల్లంతటికీ ఒకే స్మార్ట్‌ఫోన్ ఉండే కుటుంబాలున్నాయి. అక్కడ కొడుకు వేలిముద్రతో తల్లి అకౌంటు తెరుచుకుంటుంది. సొంత ఫోన్, సొంత ల్యాప్‌టాప్ ఉన్న ఆఫీసు సిబ్బందికి పాస్‌కీ. డబ్బు కదిపే ఇద్దరు ముగ్గురికి, అడ్మిన్లకు సెక్యూరిటీ కీ, అదీ రెండేసి, ఒకటి పోయినా ఇబ్బంది లేకుండా. జనం వాడే సేవల్లో పాస్‌కీ ముందు చూపించి, ఎస్సెమ్మెస్ ఓటీపీని పక్కన ఉంచండి. డిజిటల్ చెల్లింపులకు రెండంచెల ధ్రువీకరణను ఉంచుతూనే, ఎస్సెమ్మెస్ ఓటీపీ ఒక్కదాని మీదే ఆధారపడనక్కర్లేకుండా రిజర్వ్ బ్యాంక్ కూడా 2025 సెప్టెంబరులో దారి చూపింది. ఆ ఆదేశాల అమలుకు పెట్టిన తేదీ 2026 ఏప్రిల్ 1.

క్యాప్చా

వచ్చింది మనిషా, బాటా అని తేల్చడానికి పెట్టే ఈ పరీక్ష గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కాలిఫోర్నియా యూనివర్సిటీ, అర్వైన్ పరిశోధకులు 2023లో 1,400 మందితో 14,000 క్యాప్చాలు పరిష్కరింపజేశారు. వంకరటింకర అక్షరాల రకంలో మనుషులకు 9 నుంచి 15 సెకన్లు పట్టింది, సరిగ్గా చెప్పింది 50 నుంచి 84 శాతం. బాట్లు ఒక సెకను లోపే 99.8 శాతం సరిగ్గా చెప్పేశాయి. ఆపాల్సినవాడు దూసుకుపోతున్నాడు, రావాల్సినవాడు గుమ్మం దగ్గర ఆగిపోతున్నాడు. పైగా బొమ్మల క్యాప్చాల్లో అడిగేవి మంటలార్పే నీటి కోసం అమెరికా వీధుల్లో ఉండే ఎర్రటి కుళాయిలు. శ్రీకాకుళం జిల్లా పల్లెలో ఫారం నింపే రైతు వాటిని ఎప్పుడు చూశాడు? ఒక చిరునామా నుంచి నిమిషానికి ఇన్ని ప్రయత్నాలే అన్న హద్దు, మనిషికి కనిపించని ఖాళీ గడి పెట్టి, దాన్ని కూడా నింపి వచ్చే బాట్ల ఫారాలను తిరస్కరించడం, ఈ రెండింటితో చిన్న సైట్లకు చాలావరకు సరిపోతుంది.

ఉత్తుత్తి ఫిషింగ్ పరీక్షలా, రిపోర్ట్ బటనా

సిబ్బందికి దొంగ మెయిల్ పంపి, నొక్కినవాళ్లకు వెంటనే పాఠం చూపించడం ఇప్పుడు చాలా కంపెనీల్లో మామూలైపోయింది. స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్ పరిశోధకులు ఒక పెద్ద సంస్థలో 14,000 మందికి పైగా ఉద్యోగులను 15 నెలలు గమనించారు. అలా అక్కడికక్కడే పాఠం చూపించడం వల్ల మేలు జరగలేదు సరికదా, తర్వాతి మెయిల్స్‌కు వాళ్లు ఇంకా తేలిగ్గా పడ్డారు. శాన్ డియాగోలోని యూనివర్సిటీ ఆసుపత్రుల్లో 19,500 మంది ఉద్యోగుల మీద 8 నెలలు చేసి 2025లో ప్రకటించిన పరిశీలనలో, పాఠం అందినవాళ్లకూ అందనివాళ్లకూ తేడా సగటున 1.7 శాతమే. ఆ పాఠం పేజీ మీద ఎక్కువమంది ఒక నిమిషం కూడా ఆగలేదు.

జ్యూరిక్ పరిశీలనలోనే మంచి వార్త కూడా ఉంది. మెయిల్ సాఫ్ట్‌వేర్‌లో అనుమానం ఉన్న మెయిల్‌ను రిపోర్ట్ చేసే బటన్ ఒకటి పెడితే, ఉద్యోగులు నెలల తరబడి విసుగు లేకుండా దాన్ని వాడారు. కొత్త దొంగ మెయిల్స్ పంపిన కాసేపటికే దొరికిపోయాయి. పదివేల మందిలో ఒక్కరు గుర్తుపట్టినా మిగతా అందరి ఇన్‌బాక్స్‌ల నుంచీ దాన్ని తీసేయవచ్చు. అదే పరీక్ష పద్ధతిలో ఒక్కరు తప్పు చేసినా ఓడినట్టే.

ఉన్న డబ్బుతో ఏదో ఒకటే చేయగలిగితే బటన్ పెట్టండి. దానికి ఒక మనిషిని కేటాయించి, నొక్కిన ప్రతివాళ్లకూ ఆ పూటే జవాబు వెళ్లేలా చూడండి. మంచి మెయిల్‌ను అనుమానించి పంపినవాళ్లకు కూడా. ఇంకొక్క మాట, నొక్కేశాక భయపడి దాచిపెట్టేవాళ్ల వల్ల జరిగే నష్టం, నొక్కడం వల్ల జరిగే నష్టం కన్నా పెద్దది. పొరపాటున నొక్కామని వాళ్లంతట వాళ్లే వచ్చి చెప్పిన ఉద్యోగి మీద ఎలాంటి చర్యా ఉండదని మేనేజ్‌మెంట్ చేత రాయించి, నోటీసు బోర్డు మీద పెట్టించండి.